హక్కుల పాఠం భోజనాల వరుస దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతికి ప్రాథమిక హక్కుల పాఠం పూర్తయింది. పిల్లలు ఆరు హక్కులూ వరుస తప్పకుండా అప్పజెబుతారు. అంటరానితనం నిషేధం ఏ అధికరణ అంటే పదిహేడని అందరూ ఒక్క గొంతుతో అంటారు. అదే పిల్లలు మధ్యాహ్నం అన్నం దగ్గర రెండు వరుసలుగా కూర్చుంటారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. గది ఊడ్చేది ఎప్పుడూ ఆడపిల్లలే. ఇంతలో ఒక తండ్రి బడికి వచ్చి, "మీరు హక్కులని నేర్పారు, మావాడు ఇంట్లో ఎదురు మాట్లాడుతున్నాడు" అని కోప్పడ్డారు. ఆ అబ్బాయి అడిగిందల్లా పదో తరగతి అయ్యాక అక్కను చదువు ఎందుకు మాన్పించారని. తోటి ఉపాధ్యాయులు "ముందు బాధ్యతలు చెప్పండి, హక్కులు తర్వాత" అంటున్నారు. బెత్తం పక్కన పెడితే తరగతి అదుపు తప్పుతుందని నాకూ భయంగానే ఉంది. ఈ పాఠం పిల్లలకు నిజంగా అందాలంటే ఎలా చెప్పాలి?
ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం:

టీచర్ గారికి నమస్కారం.

పాఠం అందలేదని మీరు బాధపడుతున్నారు. అక్క చదువు ఎందుకు ఆగిందని తండ్రిని అడిగిన ఆ అబ్బాయికి అది అందింది. అతని విషయంలో మీరు చేయవలసిన పని ఒకటి ఉంది, దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ రెండు వరుసల గురించి మాట్లాడుకోవాలి.

మన పుస్తకాల్లో హక్కుల పాఠం ఢిల్లీలో మొదలవుతుంది. రాజ్యాంగ సభ, ముసాయిదా సంఘం, 1949 నవంబరు 26, ఆ తర్వాత అధికరణల పట్టిక. ఇవి తెలియవలసినవే, మీ పిల్లలు కంఠస్థం చేసింది వృథా కాదు. అయితే పద్నాలుగేళ్ల పిల్లలు ఆ వరుసలో నేర్చుకుంటే హక్కులంటే ఎక్కడో దూరాన పెద్దవాళ్లు, లాయర్లు చూసుకునే వ్యవహారం అనుకుంటారు. వాళ్లు రోజూ తినే అన్నం, ఊడ్చే గది, వెళ్లడానికి జంకే మరుగుదొడ్డి, అరచేతి మీద పడే దెబ్బ, వీటన్నిటి గురించీ చట్టంలో రాసి ఉంది. పాఠం అక్కడ మొదలుపెట్టి ఢిల్లీదాకా తీసుకువెళ్లండి. బడిలో పిల్లలకు దక్కని హక్కును నల్లబల్ల మీద రాసి నేర్పలేమని నేను గట్టిగా నమ్ముతాను.

భోజనాల వరుసల మీద ఉపన్యాసం ఇవ్వకండి. "ఇలా విడిగా కూర్చోవడం తప్పు" అని మీరు తరగతిలో అనగానే అందరి కళ్లూ పక్కకు నెట్టబడిన ఆ పిల్లల మీదికే తిరుగుతాయి. "నువ్వు చెప్పు, నీకెలా అనిపిస్తుంది" అని వాళ్లలో ఒకరిని లేపి అడగడం మరీ ఘోరం. ఎంత మంచి ఉద్దేశంతో అడిగినా, ఆ పిల్లకు అది నలుగురిలో జరిగే అవమానమే. కాబట్టి ముందు ఏర్పాటు మార్చండి, తర్వాత మాట్లాడండి. వారానికొకసారి చీటీలు తీయించి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చండి. వడ్డించే వంతు, నీళ్ల వంతు, గది ఊడ్చే వంతు కూడా చీటీల ప్రకారమే. మగపిల్లల పేర్లూ, మీ పేరూ అందులో ఉండాలి. చీపురు మీ వంతుకు వస్తే పిల్లల ముందే మీరు ఊడవండి. అన్నం వేళకు మీ పళ్లెం తెచ్చుకుని వాళ్ల మధ్యలో కూర్చుని తినండి. ఇది మీరు ఒక్కరోజు చేసి వదిలేస్తే తమాషాగా మిగులుతుంది. నెలంతా చేస్తే బడి అలవాటవుతుంది.

ఒకరిద్దరు తల్లిదండ్రులు అడగడానికి వస్తారు. అందుకే మొదలుపెట్టే ముందే ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడండి. బలహీన వర్గాల పిల్లలు బడిలో వివక్షకు గురికాకుండా చూడవలసింది ప్రభుత్వమేనని 2009 నాటి విద్యా హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. సర్కారు బడిలో ఆ పని చేయవలసింది మీరే కదా. కాగితం చేతిలో ఉంటే ఆయనకూ ధైర్యంగా ఉంటుంది.

కొత్త వరుస అలవాటయ్యాక, వివక్షను నిషేధించే 15వ అధికరణ తెరవండి. అందులో రెండో భాగం చదివించండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాసి ఉంటుంది. ఒక దేశం తన మూలచట్టంలో బావుల గురించి, చెరువుల గురించి ఎందుకు రాసుకోవలసి వచ్చిందని అడగండి. జవాబు కోసం వాళ్లను ఇంటికి పంపండి. ఊళ్లో ఎవరెవరు ఏ బావిలో నీళ్లు తోడుకునేవారు, టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదా, ఇప్పటికీ ఉందా అని అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రావాలి. పేర్లు రాయకూడదు, జరిగింది మాత్రమే రాయాలి. 1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద సాగిన హత్యాకాండకు దారితీసిన గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైందని, ఆ తర్వాత 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందని మీరు చెప్పవచ్చు. ఎంతవరకు చెప్పాలన్నది మీ తరగతిని చూసి మీరే తేల్చుకోవాలి. పదిహేడు అన్న అంకె అప్పుడు వాళ్ల నోట మరోలా పలుకుతుంది.

ఇక బెత్తం. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. విద్యా హక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చేతిలో బెత్తంతో, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ చెప్పే టీచరు దగ్గర పిల్లలు నేర్చుకునేది చట్టం బలవంతులకు వర్తించదనే. పాఠం మొదలుపెట్టే రోజున ఆ సెక్షన్‌ను బోర్డు మీద రాసి, నేను దీనికి కట్టుబడి ఉంటానని వాళ్ల ముందు చెప్పండి. మొదటి రెండు వారాలు గోల పెరుగుతుంది, అది నిజమే. పిల్లలు మీ మాట ఎంతవరకు నిజమో పరీక్షిస్తారు. అప్పుడు తరగతి నియమాలు వాళ్లచేతే రాయించండి, మీరు పాటించవలసిన నియమాలు కూడా. "టీచరు మా ఇంటి సంగతులు నలుగురిలో అనకూడదు" అని ఒక పిల్ల రాయడం నేను చూశాను. ఆ ఒక్క వాక్యం చదివాక వ్యక్తి గౌరవం గురించి వేరే వివరణ అక్కర్లేకపోయింది.

భావ ప్రకటన, మత స్వేచ్ఛ వంటివి రోజువారీ బడిలో అంత తేలిగ్గా దొరకవు. వాటికి ఒక మంచి కేసు చాలు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీసుకోండి. అది బడిలోనే జరిగింది, మీ పిల్లల వయసు వాళ్లకే జరిగింది. దానికి వరసగా రెండు పీరియడ్లు కేటాయించండి.

కథ ఇంతే. 1985లో కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతున్నారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. ప్రార్థన వేళ జాతీయ గీతం పాడుతుంటే ఆ ముగ్గురూ గౌరవంగా లేచి నిలబడేవారు గానీ పాడేవారు కాదు. దేవుడికి తప్ప ఇంకెవరికీ స్తుతిగీతం పాడకూడదన్నది వాళ్ల విశ్వాసం. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడు చూసి సభలో లేవనెత్తారు. విచారణ జరిపినవారు ఆ పిల్లలు గీతాన్ని అవమానించలేదని తేల్చారు. అయినా జూలైలో ముగ్గురినీ బడి నుంచి తీసేశారు. తండ్రి హైకోర్టుకు వెళితే అక్కడా ఓడిపోయారు.

ఇక్కడ ఆపండి. తీర్పు చెప్పకండి. తరగతిని మూడు జట్లు చేయండి: బడి తరఫున ఒకటి, పిల్లల తరఫున ఒకటి, న్యాయమూర్తులుగా ఒకటి. చాలామంది మొదట బడి వైపే మాట్లాడతారు. "దేశంలో ఉంటూ దేశం పాట పాడరా" అంటారు. అననివ్వండి, మధ్యలో దిద్దకండి. మీరు అడగవలసిన ప్రశ్నలు కొన్నే. పాడి తీరాలని ఏ చట్టంలో ఉంది? నిలబడటం గౌరవం కాదా? గొంతు బాగా లేక పాడని పిల్లనూ తీసేస్తారా? తీసేసినందువల్ల దేశానికి ఏం ఒరిగింది? న్యాయమూర్తుల జట్టు తీర్పు రాసి, కారణాలు చదివి వినిపించాలి. కారణాల్లేని తీర్పు చెల్లదని ముందే చెప్పండి.

రెండో పీరియడ్ చివర అసలు తీర్పు చెప్పండి. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని ఆదేశించింది. గీతం పాడి తీరాలని చెప్పే చట్టమేదీ లేదని, గౌరవంగా నిలబడటం చాలునని, వాళ్లను తీసేయడం భావ ప్రకటన స్వేచ్ఛనిచ్చే 19వ, మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణలకు విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేశారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అన్న అర్థంలో ఆయన ముగింపు మాటలు ఉంటాయి. బోర్డు మీద రాయండి. మన నమ్మకానికి దూరంగా ఉన్న మనిషికి కూడా అదే హక్కు ఉందన్నది పిల్లలకు అంత తేలిగ్గా మింగుడుపడదు, పెద్దవాళ్లకే పడటం లేదు. అందుకే కోర్టుతో విభేదించే పిల్లవాడిని తప్పు పట్టకండి. అతను కారణాలు సరిగ్గా చెబితే పూర్తి మార్కులు ఇవ్వండి. విభేదించే హక్కు గురించే కదా ఈ పాఠమంతా.

ప్రజాస్వామ్యం గురించి ఒక మాట. మీ బడిలోనూ మొదటి ర్యాంకు వచ్చినవాళ్లనే లీడరుగా పెడుతూ ఉంటారేమో. ఆ పద్ధతి మార్చండి. నామినేషన్, ప్రచారం, రహస్య ఓటు, అందరి ముందు లెక్కింపు, అన్నీ జరగాలి. ఎన్నిక కంటే ఆ తర్వాతి పని ముఖ్యం. లీడరు చేతిలో ఏ అధికారమూ లేకపోతే అది నాటకమే. ఆటవస్తువుల పెట్టె, గ్రంథాలయం బీరువా తాళం, వంతుల జాబితా, ఈ మూడూ వాళ్లకు అప్పగించండి. నెలకొకసారి లీడరు తరగతికి లెక్క చెప్పాలి, నచ్చకపోతే మళ్లీ ఓటు పెట్టే వీలుండాలి. పిల్లలకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణ చెబుతుంది. భారతదేశం 1992లోనే దాన్ని ఒప్పుకుంది.

ఈ సందర్భంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ తప్పక చెప్పండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆమె వలంటీరు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపవద్దన్నది నిర్వాహకుల ఆదేశం. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వస్తే ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే వదిలింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు, మీ తొమ్మిదో తరగతి పిల్లల వయసే. తర్వాత ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. చట్టం ముందు అందరూ సమానులన్న 14వ అధికరణకు తెలుగు నేల మీద ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మధ్యాహ్న భోజనాన్ని మళ్లీ ఒకసారి పాఠంగా వాడుకోవచ్చు. ఆ పళ్లెంలోని వేడి అన్నం వెనక ఒక వ్యాజ్యం ఉంది. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, మొత్తం మీద 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది కొలత. తొమ్మిది, పది తరగతులకు మన రెండు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో విస్తరించాయి. హాజరును బట్టి ఈ రోజు ఎంత బియ్యం ఎసట్లో పడాలో పిల్లలు లెక్క కట్టగలరు. అయితే ఒక జాగ్రత్త. లెక్క చేతికి రాగానే వాళ్లు వంట చేసే అమ్మల మీద తనిఖీ అధికారులు కాకూడదు. ఆ అమ్మలకు వచ్చే గౌరవ వేతనం ఎంత, అదైనా నెలనెలా అందుతోందా, బిల్లులు ఎన్ని నెలల నుంచి ఆగాయి అని వాళ్లనే అడిగి తెలుసుకోమనండి. ఫిర్యాదు ఎప్పుడూ మనకంటే బలహీనుల మీదికి కాకుండా, బాధ్యత ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పౌరుడికి ఉండవలసిన విచక్షణ ఇది, పుస్తకంలో దొరకదు.

ఏడాదిలో ఒక్క అర్జీ అయినా పిల్లలతో రాయించండి. గెలవగలిగే విషయం ఎంచుకోండి. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు, బడి ముందు వేగ నిరోధకం, పాడైన బోరు, ఏదైనా సరే. అన్ని బడుల్లోనూ మరుగుదొడ్లు ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆ అర్జీలో పెట్టవచ్చు. మొదట పాఠశాల యాజమాన్య కమిటీకి ఇవ్వాలి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. అంటే అర్జీ అందుకునేది వాళ్ల అమ్మలే కావచ్చు. కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన దగ్గర గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. తేదీ వేసిన రసీదు తీసుకోవడం, నకలు ఉంచుకోవడం, గడువు లెక్కపెట్టడం వాళ్లకు అప్పుడే నేర్పండి. దరఖాస్తు మీద పిల్లల పేర్లు పెట్టకండి, మీరో కమిటీ సభ్యులో సంతకం చేయండి. పిల్లల్ని ఎవరి కోపానికీ ఎదురుగా నిలబెట్టకూడదు.

బాధ్యతలు ముందు అన్న మీ సహోద్యోగులకు ఒక సంగతి చెప్పండి. ప్రాథమిక హక్కులు 1950 నుంచి రాజ్యాంగంలో ఉన్నాయి. ప్రాథమిక విధులు 1976లో, అత్యవసర పరిస్థితి రోజుల్లో, 42వ సవరణతో చేరాయి. విధులు మంచివే, నేర్పండి. శాస్త్రీయ దృక్పథం, అడవులు, నదులు, సోదరభావం, అన్నీ ఉన్నాయి. అయితే విధులు నెరవేర్చినవాడికే హక్కులని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను చదివించడం తల్లిదండ్రుల విధి అని 2002లో చేర్చిన పదకొండోది చెబుతుంది. విధులు పెద్దవాళ్లకూ ఉన్నాయని పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు ఆ అబ్బాయి. ఆ తండ్రిని బడికి పిలిపించకండి, మీరే వాళ్లింటికి వెళ్లండి. పిల్లవాడు తప్పు చేశాడన్నట్టు క్షమాపణ చెప్పకండి, తండ్రికి పాఠం చెప్పకండి. వాళ్ల కష్టం ముందు వినండి. కాలేజీ దూరమా, బస్సు లేదా, డబ్బా, ఊళ్లో మాటలకు భయమా, ఇంట్లో పనికి మనిషి కావాలా? రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1990ల నుంచి వేలమంది పిల్లలను పని మాన్పించి బడికి పంపగలిగారంటే, పేద తల్లిదండ్రులు చదువుకు శత్రువులన్న మాటను నమ్మకుండా ఇంటింటికీ తిరిగి మాట్లాడబట్టే. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా తర్వాత 2007లో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆ అబ్బాయికి నిజం కూడా చెప్పండి. ఉచిత నిర్బంధ విద్య హక్కు పద్నాలుగేళ్ల వరకే. ఆ హద్దు రాజ్యాంగం 45వ అధికరణలో మొదటి నుంచీ ఉంది, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వయసు వరకు చదువును ప్రాథమిక హక్కుగా గుర్తించింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసది. అక్కకు ఆ వయసు దాటింది కాబట్టి చట్టం పేరు చెప్పి తండ్రిని కట్టడి చేయలేం. దారులు మాత్రం మిగిలే ఉన్నాయి. ఇంటర్మీడియట్ ఉన్న కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు, ఇంటి దగ్గర నుంచే చదవగలిగే సార్వత్రిక పాఠశాల ఉన్నాయి. వాటి దరఖాస్తు పత్రాలు చేతిలో పట్టుకుని వెళ్లండి. మాటల మధ్య పెళ్లి సంబంధం సంగతి బయటపడి, ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండలేదని తేలితే, అప్పుడు బుజ్జగింపు ఒక్కటే సరిపోదు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ఉంది, పిల్లల సహాయవాణి 1098 ఉంది. సమాచారం ఆ అబ్బాయి నుంచి వచ్చిందని ఎవరికీ తెలియనివ్వకండి.

పరీక్ష గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. "ప్రాథమిక హక్కులు ఎన్ని? అవి ఏవి?" అన్న ప్రశ్న ఉన్నంత కాలం పిల్లలు అదే చదువుతారు. మీ చేతిలో ఉన్న నిర్మాణాత్మక పరీక్షల్లోనైనా మార్చండి. "మీ ఊళ్లో ఒక టీ హోటల్లో కొందరికి విడి గ్లాసు ఇస్తున్నారు. యజమాని 'ఇది నా సొంత హోటల్, నా ఇష్టం' అంటున్నాడు. అతనికి మీరేం చెబుతారు? ఎవరి దగ్గరికి వెళతారు? మీ వెంట ఎవరిని తీసుకువెళతారు?" అని అడగండి. అధికరణ నంబరు మరచిపోయినవాళ్లకు ఒక మార్కు తగ్గించండి చాలు. వెంట ఎవరిని తీసుకువెళ్లాలో ఆలోచించి రాసినవాళ్లకు మిగతావన్నీ ఇచ్చేయండి.